కాలువపడవ ఆత్మకథ

బెజవాడయొద్ద కృష్ణానదికి 1855లో ఆనకట్ట పూర్తియై, పశ్చిమ డెల్టా కాలువలలో నీరు పారసాగిన పిమ్మట, టేకుపలకలతో, కీలుపూతతో నిర్మింపబడిన పడవను నేను. రేపల్లె, బాపట్ల, తెనాలి సీమల ధాన్యమును జీవితమెల్ల మోసితిని. ఆ బస్తాలకంటె బరువైనది రైతు చేతిలోని అర్జీకాగితమని అనుభవమున నెరిగితిని.

గుంటూరు, మచిలీపట్నము, రాజమహేంద్రవరము కేంద్రములుగా నున్న మూడు జిల్లాలను 1859లో కృష్ణా, గోదావరి జిల్లాలు రెంటిగా మార్చిరి. గుంటూరు కలెక్టరు కచ్చేరి లేకపోయెను; మా సీమకు బందరనబడు మచిలీపట్నమే జిల్లాకేంద్ర మాయెను. ఒక కలెక్టరు జీతమును, ఆయన సిబ్బంది వేతనములును సర్కారు లెక్కలలో తగ్గియుండును. ఆ తగ్గిన వ్యయమంతయు నా బల్లలమీద కూర్చుండి ప్రయాణము చేయుట నేను చూచితిని.

శిస్తు విషయమై కలెక్టరునకు మొరపెట్టుకొన నెంచిన రైతు, చద్దిమూటయు, చిల్లర ముడివేసిన పైపంచయు గొని నన్నెక్కెడివాడు. గాలి యున్ననాడు తెరచాప, లేనినాడు గట్టుపై తాడులాగు కూలీలు. దుగ్గిరాల లాకులు దాటి, సీతానగరమున నదిలో ప్రవేశించి, ఆవలి యొడ్డున బందరు కాలువ పట్టవలెను. లాకు తలుపులయొద్ద నీరు సమమగువరకు నిరీక్షించుచు ఆతడు పైపంచ ముడి విప్పి, కేవు పోను మిగిలినదానిని అరచేత పరచి చూచుకొనెడివాడు. అర్జీ వ్రాయించు కూలి, బందరులో బస, పొలమున నిలిచిన పని, ఇవి యే ఖజానా చిట్టాలోను ఎక్కలేదు. కలెక్టరు సంచారమున నున్నచో మరల ప్రయాణము. కాలువలు కట్టివేసిన వేసవిలో బండియో, కాలినడకయో గతి.

1899లో బెజవాడ–మద్రాసు రైలుమార్గము పూర్తియై ప్రయాణికులను నానుండి కొనిపోయెను. అందులకు నాకు విచారము లేదు. 1904 అక్టోబరు 1న గుంటూరు జిల్లా మరల నేర్పడగా, నలుబదియైదేండ్ల దూరము తరిగినదని సంతసించితిని. నా పలకలు నేడు దుగ్గిరాలలో నొక యింటి దూలములు. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లాకేంద్రమైనదనియు, రేపల్లె అందులో చేరినదనియు, తెనాలి గుంటూరులోనే నిలిచినదనియు అచ్చటనే వింటిని.

అక్కరలేని కచ్చేరిని ఎత్తివేయరాదని నేననను. ప్రజాధనము ప్రజల చెమటయే కదా. అయితే ఖజానాలో మిగిలిన రూపాయలకు ఎదురుగా, పనిగలవాని పైపంచ ముడినుండి జారిన రూపాయలనుగూడ నొకే పుటలో వ్రాసిననే గాని పొదుపు లెక్క తేలదు.