అడ్రసులు రాసేదానికే అడ్రసు లేదు

మా రోజుల్లో పార్శిలు మీద ఊరిపేరు వెయ్యడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. తెనాలికొకటి, గుడివాడకొకటి, ఏలూరుకొకటి చొప్పున అక్షరాలు కోసిన రేకులు గోడ మేకులకు వేలాడేవి. పెట్టె మీద రేకు అదిమిపట్టి, నల్లరంగులో ముంచిన కుంచెతో ఒక్క రుద్దు రుద్దితే అయిపోయేది. చిల్లర పార్టీలకైతే చీటీ రాసి మైదా బంకతో అంటించేవాళ్ళం. బంక ఉడికేటప్పుడు కాస్త మైలతుత్తం వెయ్యకపోతే తెల్లారేసరికి బొద్దింకలు చీటీని కొరికేసేవి. మాకున్న టెక్నికల్ ప్రాబ్లం అదొక్కటే. చదువు రాని హమాలీ కూడా పెట్టె మీది త్రిభుజం గుర్తు చూసి ఏ షావుకారుదో చెప్పేవాడు.

ఇప్పుడు మా డిస్పాచ్ సెక్షన్లోకి లేబుల్ ప్రింటర్ వేంచేసింది. మొదట ఒకే కంప్యూటర్‌కి యూఎస్‌బీ తీగతో కట్టారు. ఆ కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయి సెలవు పెడితే విజయవాడ సరుకంతా గోడౌన్లోనే. అందుకని నెట్‌వర్కులో పెట్టారు. ఎవరి సీట్లోంచి వాళ్ళు కొట్టుకోవచ్చట. కొట్టుకున్నారు, కరెంటు పోయేదాకా.

కరెంటు వచ్చింది, ప్రింటర్ మీద పచ్చలైటు వెలిగింది, కంప్యూటర్లన్నీ మాత్రం 'ఆఫ్‌లైన్' అని మొండికేశాయి. విషయమేమిటంటే, ప్రింటర్‌కి ఐపీ నెంబరు ఇచ్చేది రౌటరు. మళ్ళీ లేచినప్పుడు నిన్నటి నెంబరే ఇవ్వాలని దానికి రూలేమీ లేదు. కంప్యూటర్లు పాత నెంబరుకే పంపిస్తాయి, అక్కడ ఎవరూ ఉండరు. ఊరందరి అడ్రసులూ రాసే యంత్రానికి తన అడ్రసే నిలకడ లేకపోతే ఎలాగండీ?

దీనికి మందు లేకపోలేదు. ప్రింటర్ మ్యాక్ నెంబరు చూసి, ఈ యంత్రానికి ఎప్పుడూ ఇదే ఐపీ అని రౌటర్లో రాసిపెట్టాలి. తర్వాత ప్రతి కంప్యూటర్లోనూ ఆ ఐపీతో, 9100 పోర్టుతో ప్రింటర్‌ని కలపాలి. డ్రైవర్లో కాగితం సైజు అసలు లేబుల్ కొలతే ఉండాలి. ఏ4 అని వదిలేశారో, ఒక్క అడ్రసుకు ఖాళీ లేబుళ్ళు బారులు తీరి బయటికొస్తాయి. లేబుల్‌కీ లేబుల్‌కీ మధ్య సందు ఎక్కడుందో ప్రింటర్ వెలుతురుతో పసిగడుతుంది కాబట్టి, రోలు రకం మారిస్తే క్యాలిబ్రేషన్ కూడా చేయించాలి. ఇదంతా పెట్టుకునేనాడే చెయ్యాల్సిన పని. చేసినవాడు లేడు.

ఇక ఆ కాగితం సంగతి. సిరా లేదు, రిబ్బను లేదు, వేడికి కాగితమే నల్లబడి అక్షరమవుతుంది. బాగానే ఉంది. మన మే నెల ఎండలో లారీ మీద పెట్టి పంపితే అక్షరం వెలిసిపోతుంది, మరీ వేడెక్కితే కాగితమంతా నల్లబడుతుంది. దూరం వెళ్ళే సరుక్కి రిబ్బనున్న ప్రింటరే కొనాలని నేను చెబితే, ఖర్చన్నారు.

రేకుల రోజుల్లో అంతా సవ్యంగా జరిగిందనను. నందిగామ పెట్టె నందికొట్కూరు వెళ్ళి తిరిగొచ్చిన సందర్భాలున్నాయి. 1972లోనే పిన్‌కోడ్ వచ్చినా మా గుమాస్తాలకు అది వెయ్యడమంటే బద్ధకం. ఇప్పుడు ఒకదాని మీద 521, ఇంకొకదాని మీద 518తో మొదలయ్యే నెంబరు స్పష్టంగా పడుతోంది, పక్కన బార్‌కోడూ ఉంది. ఆ మేరకు యంత్రానికి దణ్ణం పెడతాను.

చివరికి మా ఐటీ కుర్రాడు నెంబరు స్థిరం చేశాడు. "ఆ నెంబరు ఒక లేబుల్ మీదే కొట్టి ప్రింటర్ నెత్తిన అంటించు నాయనా" అన్నాను.

"ఎందుకు బాబాయ్‌గారూ, ఎక్సెల్ షీట్లో రాసిపెట్టాగా" అన్నాడు.

"ఆ షీటెక్కడుంది?"

"సర్వర్లో. నెట్‌వర్కు ఉంటే ఎక్కణ్ణుంచైనా చూసుకోవచ్చు."