ఎస్కూలు మేస్త్రీ

ముప్పై ఒక్క ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. ఇన్నేళ్ళలో నన్ను సార్ అన్నారు, మాస్టారన్నారు, నేను బోర్డువైపు తిరిగినప్పుడు ఇంకేవేవో అన్నారు. మేస్త్రీ అని మాత్రం ఎవరూ అనలేదు. ఆ ముచ్చట అమెరికాలో తీరింది.

మా అబ్బాయి డాలస్ పక్కన ఒక ఊళ్ళో ఉంటాడు. అక్కడికెళ్ళిన కొత్తలో పొద్దున టీవీ, మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం కిటికీ. కిటికీలోంచి చూస్తే ఖాళీ రోడ్డు. రెండు నెలలయ్యాక మా కోడలు నా మీద జాలిపడిందో, రిమోటు చేతికొస్తుందని ఆశపడిందో గానీ, "మామయ్యగారూ, ఇక్కడి లైబ్రరీలో ఇంగ్లీషు నేర్పడానికి మనుషులు కావాలట, ఊరికే" అంది. ఊరికే అంటే జీతం లేకుండా అని.

"అమెరికాలో ఇంగ్లీషు రానివాళ్ళెవరమ్మా?" అన్నాను.

టెక్సస్ గురించి నాకప్పటికి తెలిసింది అంతే. 1836 దాకా అది మెక్సికోలో ముక్క. అక్కడ స్పానిష్ పాత కాపు, ఇంగ్లీషే తరవాతొచ్చిన కౌలుదారు. ఆ సంగతి చెప్పకుండానే కోడలు నన్ను కారెక్కించింది.

మంగళ, గురువారాల్లో సాయంత్రం ఆరున్నరకి క్లాసు. పద్నాలుగు మంది. మెక్సికో వాళ్ళు ఎక్కువ, ఎల్ సాల్వడార్, హోండురాస్ వాళ్ళు కొందరు. ఇళ్ళకి కప్పులేసేవాళ్ళు, హోటళ్ళలో వండేవాళ్ళు, ఇళ్ళు తుడిచే ఆడవాళ్ళు. పొద్దుటినించీ టెక్సస్ ఎండలో మాడి, మొహం కడుక్కుని, తల దువ్వుకుని వచ్చి కూర్చున్నారు. మా తొమ్మిదో తరగతి బి సెక్షను పిల్లలు ఒక్కనాడూ అంత బుద్ధిగా కూర్చోలేదు. ముందు వరసలో నాకన్నా పదేళ్ళు చిన్నవాడు, ఇటుకపని చేసే మనిషి. నేను అడుగు పెట్టగానే లేచి నిలబడి, "బ్వెనాస్ తార్దెస్, మాఎస్త్రో!" అన్నాడు.

నా చెవికి మేస్త్రీ అనే పడింది. ఎంత జీతం లేని ఉద్యోగమైనా మరీ ఇంత చనువా అని చురుక్కుమంది. ఇంటికొచ్చి మా అబ్బాయి దగ్గర వాపోతే, "మాఎస్త్రో అంటే వాళ్ళ భాషలో మాస్టారు, నాన్నా" అని వాడు ఫోనులోంచి తలెత్తకుండా చెప్పాడు.

అప్పుడు వెలిగింది. 1498లో వాస్కో డ గామా కాలికట్‌లో దిగాక, ఆ వెనకే వచ్చిన పోర్చుగీసువాళ్ళు మన ఒడ్డున వదిలివెళ్ళిన సామానులో 'మెస్త్రె' ఒకటి. స్పానిష్ మాఎస్త్రోకి అది పక్కింటి తమ్ముడు. వాళ్ళు ఆ మాటకి సుద్దముక్క ఇచ్చారు, మనం తాపీ ఇచ్చి గోడ కట్టించుకున్నాం. మరుసటి క్లాసులో బోర్డు మీద మన అల్మారా, తువ్వాలు, సబ్బు, బొత్తాం రాసి చదివి వినిపించాను. వాళ్ళు ఊరుకుంటారా? "అర్మారియో! తొఆయా! హబోన్! బొతోన్!" అని అరుపులు. లైబ్రరీ ఆవిడ వచ్చి తలుపు మూసి వెళ్ళింది. మా దేశంలో మేస్త్రీ అంటే గోడలు కట్టించేవాడు అని చెబితే ఇటుకపని మనిషి తొడ చరుచుకుని నవ్వాడు. వాళ్ళ ఊళ్ళోనూ పనితనం ఉన్న తాపీవాణ్ణి మాఎస్త్రో అనే పిలుస్తారట. ఆ రోజునించీ అతనికి నేను మేస్త్రీ, నాకు అతను మేస్త్రీ. క్లాసులో మిగతా పదముగ్గురూ కూలీలు.

ఇక చదువు. 'స్కూల్' అనండి అన్నాను. "ఎస్కూల్" అన్నారు. 'స్టూడెంట్' అంటే "ఎస్టూడెంట్". 'స్పెయిన్' అంటే, సొంత మాటే కాబట్టి మరీ ధీమాగా, "ఎస్పెయిన్". సకారం ఇంకో హల్లుతో కలిసి మాట మొదట్లో రావడం స్పానిష్‌లో కుదరదు. ముందు ఒక ఎకారాన్ని పైలట్ కారులాగా పంపిస్తే తప్ప అది గడప దాటి రాదు. నవ్వబోయి ఆగాను. మా నాయనమ్మ స్పెయిన్ ఎప్పుడూ వెళ్ళలేదు. చచ్చేదాకా ఇస్కూలు, ఇస్టేషను అనే అంది. ఆవిడ దాకా ఎందుకు? బస్ అనే మాట దొరికితే బస్సు, కార్ దొరికితే కారు, బ్యాంక్ దొరికితే బ్యాంకు. వాళ్ళు ముందు కొమ్ము తగిలిస్తే, మనం వెనక తోక తగిలిస్తాం. ఈ రెండూ కలిసి నెల తిరిగేసరికి మా క్లాసులో అందరి నోటా 'ఎస్కూలు' స్థిరపడిపోయింది. కొమ్మూ తోకా రెండూ ఉన్న ఆ జంతువుని చూసి ఇంగ్లీషువాడు పోల్చుకోలేడు గానీ, పాలు మాత్రం బాగానే ఇచ్చేది.

తరవాత బ, వ. స్పానిష్‌లో ఆ రెండక్షరాలకీ ఒకటే పలుకు. రాసేటప్పుడు తేడా తెలియడానికి మెక్సికో బళ్ళలో 'గాడిద బి', 'ఆవు వి' అని నేర్పుతారట, మనం బండి ఱ అన్నట్టు. అందుకని వాళ్ళ నోట 'వెరీ గుడ్' కాస్తా 'బెరీ గుడ్'. "పై పళ్ళు కింది పెదవి మీద ఆనించండి, గాలి వదలండి" అని నేనే పెదవి కొరికి చూపించాను. పద్నాలుగు మంది పెదవులు కొరుక్కుంటూ దోమల గుంపులా రొద. చక్కగా వచ్చింది. నా బోధన మీద నాకే గౌరవం కలిగిన ఆ క్షణంలో వంటావిడ చెయ్యెత్తి, ద్రాక్షతీగకీ ద్రాక్షసారాకీ పలకడంలో తేడా ఏమిటని అడిగింది.

"వైన్... వైన్" అన్నాను.

అందరూ అయోమయంగా చూశారు. ఇంకోసారి, గట్టిగా, "వైన్! వైన్!" అన్నాను. వెనక బల్ల దగ్గర బొమ్మలకి రంగులేసుకుంటున్న మా మనవరాలు, ఎనిమిదేళ్ళది, తల కూడా తిప్పకుండా, "తాతయ్యా, నువ్వు రెండూ ఒకేలా అంటున్నావ్" అంది.

యాభై ఆరు అక్షరాలున్న భాషలో పుట్టి ఏం లాభం? మన 'వ' ఒక్కటే ఇంగ్లీషు 'వి'కీ 'డబ్ల్యు'కీ కాపలా కాస్తోంది. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ సంగతి నాకు తెలియదు, మా హెడ్మాస్టరుకీ తెలియదు, తనిఖీకి వచ్చిన డీఈవో గారికీ తెలియదు. క్లాసంతా ఒక్క క్షణం నిశ్శబ్దం. తరవాత మేస్త్రీ మొహం వెయ్యి క్యాండిళ్ళ బల్బయింది. "మాఎస్త్రో కూడా!" అన్నాడు. నా పరువు అక్కడే పోయింది. మంగళవారం ఇంకో ముగ్గురు కొత్తగా చేరారు.

పోయిన పరువు గుడిదీర్ఘం పుణ్యాన కొంత తిరిగొచ్చింది. స్పానిష్‌కి అచ్చులు ఐదే, దీర్ఘాల బాదరబందీ లేదు. 'షిప్' అన్నా 'షీప్' అన్నా వాళ్ళకి ఓడలో గొర్రె, గొర్రెలో ఓడ. ఇళ్ళు తుడిచే ఒకావిడ యజమానురాలిని ఉతికిన దుప్పటి అడగబోయి, దీర్ఘం జారి, అనరాని మాట అడిగింది. అది కూడా ఉతికింది కావాలంది. ఆ గురువారం నేను బోర్డు మీద ఇ, ఈ రాశాను. కి అంటే చిటిక, కీ అంటే రెండు చిటికలు. టెక్సస్‌లో ఒక లైబ్రరీ గదిలో పదిహేడు మంది చిటికెలు వేస్తూ గుణింతం చెప్పారు. రెన్ అండ్ మార్టిన్ వల్ల కాని పని పెద్దబాలశిక్ష వల్ల అయింది.

వ్యాకరణం దగ్గరికొస్తే నేను పూర్తిగా వాళ్ళ పార్టీ. "ఐ హావ్ ఫిఫ్టీ ఇయర్స్" అంటారు, 'నా దగ్గర యాభై ఏళ్ళున్నాయి' అని. ఎర్రసిరా పెన్ను తీయబోయి ఆగాను. ఇంగ్లీషువాడు 'నేను యాభై ఏళ్ళు' అంటాడు, అదేమంత తెలివి? వాళ్ళ 'మె గుస్తా ఎల్ కఫే' అయితే అచ్చంగా మన 'నాకు కాఫీ ఇష్టం'. కాఫీయే వచ్చి మనకి నచ్చాలి. ఇంగ్లీషులో ఆ పని కూడా 'నేను' చెయ్యాలి. అన్నిటికీ 'నేను' ముందుకు దూకే భాష అది.

వానగురించి పెద్ద పేచీ వచ్చింది. మేస్త్రీ "ఈజ్ రెయినింగ్" అన్నాడు. "ముందు 'ఇట్' ఉండాలి" అన్నాను.

"ఇట్ అంటే ఎవరు?"

"ఎవరూ కాదు."

"ఎవరూ కాకపోతే ఎందుకు పెట్టాలి?"

స్పానిష్‌లో 'యువే' అని ఒక్కమాట అంటే వాన కురిసిపోతుంది. ఎవరు కురిపిస్తున్నారని ఆరా తీయరు. ఇదే ప్రశ్న ఎనిమిదో తరగతిలో నేను మా మాస్టార్ని అడిగాను. ఆయన నన్ను బెంచీ ఎక్కించారు. దాన్నే సమాధానం అనుకుని యాభై ఏళ్ళు బతికాను, అదే సమాధానం వందలమంది పిల్లలకి చెప్పాను. నెత్తిన టోపీ, అరచేతులనిండా సిమెంటు కాయలు ఉన్న మనిషిని బెంచీ ఎక్కించలేను కదా. "గవర్నమెంటాఫీసులో ఖాళీ కుర్చీ లాంటిది. మనిషి ఉండడు, కుర్చీ మాత్రం ఉండాలి" అన్నాను. ఎంత బాగా అర్థమైందో! ఆఫీసులు అన్ని దేశాల్లోనూ ఒకటే.

మాటల్లో మందుపాతర్లున్నాయి. "ఐ హావ్ ఫార్టీ టూ పేరెంట్స్ ఇన్ హ్యూస్టన్" అని వంటావిడ అంటే, పక్క క్లాసు అమెరికన్ టీచరు నోరు తెరిచింది. 'పరియెంతెస్' అంటే చుట్టాలు. నాకైతే వింతే అనిపించలేదు. పెదనాన్నలు, చిన్నాన్నలు, పెద్దమ్మలు, పిన్నులు కలిపితే నాకూ పద్దెనిమిది మంది అమ్మానాన్నలు తేలారు. ఇంకొకటి మాత్రం నవ్వే సంగతి కాదు. ఒకమ్మాయి వాళ్ళమ్మ మందు సీసా తెచ్చి చూపించింది. దాని మీద, రోజుకొకసారి అనడానికి, 'వన్స్' అని ఉంది. ఆ నాలుగక్షరాలనీ స్పానిష్‌లో చదివితే 'ఓన్సే'. ఓన్సే అంటే పదకొండు. అమ్మాయి ముందే అడిగింది కాబట్టి సరిపోయింది. ఆ పూట నేను పాఠం ఆపేసి అందరిచేతా వాళ్ళ ఇళ్ళలోని మందుసీసాలు తెప్పించి చదివించాను.

వాళ్ళ దగ్గర నేను నేర్చుకున్నదీ ఉంది. స్పానిష్‌లో ప్రశ్న రాస్తే, తలకిందులు చేసిన ప్రశ్నార్థకం ఒకటి ముందే పెడతారు. 1754లో వాళ్ళ అకాడమీ చేసిన కట్టడి. ఇంగ్లీషులో కూడా అలాగే పెడుతుంటే కొట్టేస్తూ వచ్చాను గానీ, మనసొప్పలేదు. మా అబ్బాయి పంపే మెసేజీలు చివరిదాకా చదివితే గానీ అడుగుతున్నాడో, దెప్పుతున్నాడో తెలియదు. ముందే ఒక గుర్తుంటే కళ్ళజోడు వెతుక్కోవాలో వద్దో తేల్చుకోవచ్చు.

అసలు చిక్కు 'యు' దగ్గర వచ్చింది. వాళ్ళకి 'తూ' అంటే నువ్వు, 'ఉస్తెద్' అంటే మీరు. ఇంగ్లీషులో ఏమిటి అన్నారు. యు అన్నాను. యజమానికి? యు. కుక్కకి? యు. దేవుడికి? పెద్దగా తేడా లేదన్నాను. క్లాసు బాధపడింది. వాళ్ళ బాధ చూడలేక, మా భాషలో 'అండీ' అని ఒకటుంది, దేని వెనకైనా తగిలిస్తే మర్యాద అయిపోతుంది అని నోరు జారాను. తోక తగిలించే అలవాటు మరి. మరుసటి క్లాసునించీ "యెస్ అండీ", "సీ యూ గురువారం అండీ". గురువారం అన్న మాట ఎప్పుడు అంటుకుందో నాకు తెలియదు.

కిందటేడు మేస్త్రీ పౌరసత్వం ఇంటర్వ్యూకి వెళ్ళాడు. ఇంగ్లీషులో ఒక వాక్యం చదవాలి, ఒకటి రాయాలి. ఒక్కోదానికి మూడు ఛాన్సులు. పై నించి దేశం గురించి ప్రశ్నలు. రెండూ మొదటి ఛాన్సులోనే కొట్టాడట. లేచి వచ్చేస్తూ ఆఫీసరుతో "థాంక్యూ అండీ" అన్నాడట. అదేమిటని ఆయన అడిగితే, "ఇంగ్లీష్ ఉస్తెద్, సర్" అని చెప్పాడట. ఆఫీసరు రాసుకున్నాడో లేదో తెలియదు.

నాకూ గ్రీన్‌కార్డు వచ్చి అయిదేళ్ళు నిండాయి. మా అబ్బాయి నాకూ అప్లికేషను పెట్టాడు. ముప్పై ఒక్క ఏళ్ళు ఇంగ్లీషు చెప్పినవాడికి ఇంగ్లీషు పరీక్ష! ప్రాక్టీసు చేయించే బాధ్యత మేస్త్రీ తీసుకున్నాడు. క్లాసయ్యాక లైబ్రరీ మెట్ల మీద కూర్చోబెట్టి, ఫోనులో ప్రశ్నలు తెరిచి, మొదటి ప్రెసిడెంటు ఎవరని అడుగుతాడు.

"జార్జి వాషింగ్టన్" అంటాను.

తల అడ్డంగా ఊపుతాడు. అతను మాత్రం ఏమంటాడు? 'గ్వాషింగ్టన్' అంటాడు. కానీ పరీక్ష పాసైనవాడు కదా. వేలెత్తి నా మూతివైపు చూపిస్తాడు.

"పళ్ళు కాదు మాఎస్త్రో, పళ్ళు లోపలే. పెదవులు గుండ్రంగా, ముద్దు పెట్టినట్టు అండీ. మళ్ళీ!"