ఎనిమిది మేడం

రావికమతంలో ఆవిడని అసలు పేరుతో పిలిచేవాళ్లు తగ్గిపోయారు. కరెంటు బిల్లు మీద ఎలాగూ మొగుడి పేరే ఉంటుంది, ఆధార్ కార్డు బీరువాలో ఉంటుంది. వీధిలో మాత్రం బళ్లో పిల్లలు పెట్టిన పేరే స్థిరపడిపోయింది: ఎనిమిది మేడం. ఏ పనైనా ఎనిమిది దాకా లెక్కపెట్టి చేయడం ఆవిడ అలవాటు. పోపు వేసినా, బిందె చంకనెత్తినా, ప్రైవేటు స్కూల్లో యాన్యువల్ డేకి పిల్లల చేత డాన్సు వేయించినా పెదవులు కదులుతూనే ఉంటాయి. ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది. తొమ్మిదో అంకె మీద ఆవిడకి నమ్మకం లేదు. 2022 ఏప్రిల్‌లో మా మండలాన్ని విశాఖ జిల్లాలోంచి తీసి అనకాపల్లి జిల్లాలో కలిపారు గానీ, ఆవిడ లెక్కను మాత్రం ఏ ప్రభుత్వమూ కదపలేకపోయింది.

ఇలాంటివాళ్లు ఊరికొకరుంటారు. అప్పటికప్పుడు చేయాల్సిన పనికి అన్నీ అనుకుని మరీ వచ్చే రకం. పెళ్లిచూపుల్లో పిల్లతో మాట్లాడ్డానికి జేబులో ప్రశ్నల చీటీ పెట్టుకొచ్చే కుర్రాడు ఈ రకమే. పరామర్శకి వెళ్తూ ఆటోలోనే గొంతు బొంగురు చేసుకునే పెద్దమనిషీ ఈ రకమే. "నేనేమీ సిద్ధపడి రాలేదు" అన్న ముక్కని కూడా కాగితంలో చూసి చదివే వక్త వీళ్లందరికీ కులపెద్ద. వీళ్లలో మా మేడాన్ని ఎవరూ మించలేరు. కారణం ఆవిడ ఎంచుకున్న విద్య. బెల్లీ డాన్సు. అందులోనూ ముందు కట్టుకున్న స్టెప్పులు కాదు, పాట వింటూ అప్పటికప్పుడు అల్లుకుపోయే ఆట.

ఇందులోకి దిగడం వెనక పెద్ద కథేం లేదు. రోజంతా నిలబడి పాఠాలు చెప్పి నడుం పట్టేస్తోందంటే డాక్టరు "కాస్త నడుం కదిలిస్తూ ఉండమ్మా" అన్నాడు. ఆ వారమే ఫోన్లో నోరా ఫతేహీ ఆడిన 2018 నాటి 'దిల్‌బర్' పాట కనబడింది. రెండూ కలిసొచ్చాయి. తలుపు గడియ వేసుకుని, బీరువా అద్దం ముందు సాధన మొదలైంది. నాణేలు కుట్టిన బెల్టొకటి ఆన్‌లైన్లో తెప్పించి, అదేమిటని అడిగిన అత్తగారికి "నడుంపట్టీ" అని చెప్పింది. అబద్ధమనడానికీ లేదు. కానీ తలుపవతల కూర్చున్న ముసలమ్మకి గల్లుగల్లు వినబడకుండా ఎలా ఉంటుంది?

"ఏటే అమ్మీ, నడుం నొప్పికి అంత సిల్లరెందుకే?"

మేడం దగ్గర రెండొందల పేజీల రూళ్ల పుస్తకం ఉంది. మొదటి పేజీలు చూస్తే ముచ్చటేస్తుంది. "నడుముతో ఎనిమిది అంకె గీయుట, ఎనిమిది సార్లు. తుంటి కిందికి కొట్టుట, కుడి నాలుగు, ఎడమ నాలుగు. వణుకు: మోకాళ్ల నుంచి రావలెను, భుజాల నుంచి కాదు." అంతవరకూ వంక పెట్టడానికేం లేదు. ఏ విద్యకైనా అక్షరాలు దిద్దాల్సిందే, లెక్క లేకుండా దిద్దడం రాదు. చిక్కంతా ఫోన్లోని విదేశీ పంతులమ్మ ఒకరోజు హఠాత్తుగా "ఇప్పుడు సంగీతం వింటూ మీకు తోచినట్టు ఆడండి" అనడంతో వచ్చింది. మేడం వీడియో ఆపి, వెనక్కి తిప్పి, ఆ తోచడమనేది ఎన్నో సెకనులో చూపించిందా అని వెతికింది. దొరకలేదు. పుస్తకం తీసి కొత్త పేజీలో ఇలా రాసుకుంది: "పాఠం: తోచుట. రెండు నిమిషాలు. చివర నవ్వు."

దాని కింద పట్టిక. మొదటి ఎనిమిది, ఏమీ తోచనట్టు నిలబడుట. రెండో ఎనిమిది, హఠాత్తుగా కుడివైపుకి. మూడో ఎనిమిది, ఆశ్చర్యం, కనుబొమలతో. నాలుగో ఎనిమిది, మళ్లీ హఠాత్తుగా, ఈసారి ఎడమకి.

నిజానికి ఆ నాట్యం పుట్టిపెరిగిన చోట ఈ పట్టిక ఒక్క పూటైనా నిలవదు. కైరోలో 1926లో బదియా మసాబ్ని అనే ఆవిడ పెట్టిన నాట్యశాలలోంచే తహియా కరియోకా, సమియా గమాల్ లాంటి మహామహులు వచ్చారు. ఆ సంగీతంలో తక్సీమ్ అని ఒక ఘట్టం ఉంటుంది. ఒక్క వాద్యమే, మన ఆలాపనలా, తోచిన దారిన పోతుంది. అది ఎటు తిరుగుతుందో వాయించేవాడికే ముందు తెలియదు, ఇక ఆడేదానికేం తెలుస్తుంది? చెవి అటు పడేసి ఉంచాలి, అంతే. తర్వాత తబలా అందుకుంటుంది. పేరు చూసి మన జంట తబలా అనుకునేరు, అది ఒంటిది, మన బుర్రకథ గుమ్మెటకి దూరపు చుట్టంలా ఉంటుంది. అది ప్రశ్న వేస్తే అకార్డియన్ జవాబు చెబుతుంది, ఆ ప్రశ్నకీ జవాబుకీ మధ్య నడుం ఉంటుంది. ఎడ్వర్డ్ సయీద్ కుర్రతనంలో, 1950లో, తహియా ఆట చూశాడు. నలభై ఏళ్ల తర్వాత వ్యాసం రాస్తూ కూడా ఆవిడ గంతుల్ని కాదు తల్చుకున్నది, కాస్తంత చోటు దాటకుండా ఆడిన ఆ నిదానాన్ని. ఉమ్మ్ కుల్సూం 1964లో పాడిన 'ఎంత ఓమ్రీ' జనం మళ్లీ మళ్లీ అడిగినకొద్దీ సాగుతూ ఏ పూటకా పూట ఒక్కో నిడివిలో నడిచేది. మా మేడం దాన్ని మూడు నిమిషాలకి కత్తిరించిన ముక్క సంపాదించింది. లెక్క సరిపోవాలి కదా.

మన దగ్గర లేని విద్యేం కాదిది. కళావంతులు కూర్చుని పదం అభినయించేటప్పుడు ఒకే పాదాన్ని ఎన్నిసార్లు పాడితే అన్ని అర్థాలు చూపించేవారు. ఎన్ని చూపాలో ఎదుటివాళ్ల కళ్లు చెప్పేవి. నటరాజ రామకృష్ణ ఆ సంప్రదాయాన్ని వెతికి తెచ్చి ఆంధ్రనాట్యం పేరుతో వేదికెక్కించారు. ఈ సంగతి ఎవరో చెబితే మేడం పుస్తకం తీసి అడిగింది: "ఒక్కో అర్థానికి ఎన్ని కౌంట్లండీ?"

ఇక కల్యాణపులోవ ముచ్చట. పోతురాజుబాబుకి మొక్కుందని ఇంటిల్లిపాదీ రెండు ఆటోల్లో బయల్దేరారు. డేక్సాలు, కట్టెలు, కోళ్లు, వెనకాల డప్పులవాళ్లు. కొండల మధ్య రిజర్వాయరు గట్టున చెట్లకింద వంటలు మొదలయ్యాయి. మేడం తన తోచుటని నలుగురిలో చూపించడానికి ఆ రోజే ఖాయం చేసుకుంది. నాణేల బెల్టు చీర మీదే బిగించి, చిన్న స్పీకరు రాతిమీద పెట్టి, మొదటి ఎనిమిది నిలబడింది, ఏమీ తోచనట్టు. రెండో ఎనిమిదికి ముందే ఫోన్లో సిగ్నల్ పోయింది. పాట తెరమీద గుండ్రంగా తిరుగుతోంది. మేడం ఆరు దగ్గర ఆగిపోయింది. ఏడు రావాలంటే పాట రావాలి.

డప్పు కుర్రాడికి జాలేసిందో, చేతులు దురదపెట్టాయో, మంట దగ్గర కాచిన డప్పు తీసి నాలుగు దెబ్బలు వేశాడు. మేడం అతని వైపు తిరిగి "ఇది ఎన్ని మాత్రలు బాబూ?" అంది. వాడు వాయిస్తూనే తల అడ్డంగా ఊపాడు.

అప్పుడు లేచింది అత్తగారు. మోకాళ్లనొప్పుల మనిషి. అడ్డపొగ వేస్తోంది, నిప్పున్న కొస నోట్లో. చుట్ట తీసి, ఇంకెక్కడ పెట్టాలో తెలియక, కోడలి చేతిలో పెట్టింది. చెంగు బొడ్లో దోపి రెండడుగులు వేసింది, రెండే. ఆ పైన కాలు కదిపింది లేదు. భుజం ఒకటి కాస్త వెనక్కి, తుంటి ఒకటి కాస్త పక్కకి. కుర్రాడు ఆవిడ పాదం మీద చూపు నిలిపి దెబ్బ వేయబోయి ఆపాడు. ఆవిడా ఆగింది. చెట్ల కింద వంటవాళ్లు గరిటెలు పట్టుకుని చూస్తున్నారు. ముసలమ్మ గడ్డం ఎత్తింది, వాడు కొట్టాడు. వాడు రెండు కొడితే ఆవిడ ఒకటి మింగేసింది. వాడు నవ్వి ఊపందుకుంటే ఆవిడ ఉన్నచోటే వణికి, వాడు అలిసే లోపు తనే ఆపి, "ఇలాతే నా సుట్ట" అని చెయ్యి చాపింది.

మేడం ఒక చేత్తో చుట్ట పట్టుకునే రెండో చేత్తో మొత్తం ఫోన్లో తీసింది. అదీ ఈ రకం గొప్పతనం, ఏదీ పోనివ్వరు.

ఆ రాత్రి వీడియోని నెమ్మది చేసి చూస్తూ రాసుకుంది. "అత్తగారి అడుగు. ఒకటి, రెండు: నడుచుట. మూడు: నిలుచుట. నాలుగు, ఐదు: నిలుచుట." గడ్డం ఎత్తిన చోటు మాత్రం ఎంత చూసినా ఆరులోనూ ఇమడలేదు, ఏడులోనూ ఇమడలేదు. చివరికి "ఆరున్నర" అని రాసి ఎర్ర ఇంకుతో గీత గీసింది. మర్నాడు మళ్లీ ఆడి చూపించమంటే ముసలమ్మ విసుక్కుంది.

"నానేటి సేసేనో నాకేటి తెలుసే? ఆ గుంటడు వాయించీసేడు, నాను ఆడీసేను."

నవ్వుకోవచ్చు గానీ, ఈ పని మేడంతోనే మొదలవలేదు. ఈజిప్టులో మహమూద్ రెదా 1959లో బృందం పెట్టి, పల్లె జనం ఆటలు చూసొచ్చి, వాటికి లెక్కలు కట్టి వేదిక మీద ఆడించాడు. ఆ బృందం దేశమంతటా పేరు తెచ్చుకుంది. పాఠం చెప్పాలంటే ఎవరో ఒకరు లెక్క కట్టక తప్పదు. కాకపోతే రెదా ఆరున్నర దగ్గర ఏం చేసేవాడో నాకు అడగాలనుంది.

ఈ ఏడు స్కూలు యాన్యువల్ డేలో మేడం ఐటం పేరు 'బామ్మ డాన్సు'. ఐదో తరగతి ఆడపిల్లలు, అందరికీ ముతక చీరలు, బొడ్లో దోపిన చెంగులు. చుట్ట బదులు నోట్లో సుద్దముక్క అనుకుంటే హెడ్‌మాస్టరు ఒప్పుకోలేదు, ఐస్‌క్రీం పుల్లలిచ్చారు. తెర పక్కన మేడం చేతులూపుతూ లెక్కపెడుతోంది. ఆరున్నరకి పిల్లలందరూ ఒక్కసారిగా పుల్లలు తీసి గడ్డాలెత్తారు. చప్పట్లు మార్మోగాయి. మొదటి వరసలో కుర్చీలో కూర్చున్న అత్తగారు పక్కావిడ వైపు వంగి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని అడిగింది:

"ఎవుర్నే, ఈ గుంటలు ఎక్కిరిత్తన్నారు?"