కొంపల్లిలో కోచ్‌లకి కొదవ లేదు

మా కొంపల్లిలో తెల్లారి వాకింగ్‌కి వచ్చేవాళ్లలో మోకాళ్ల నొప్పి లేనివాళ్లు అరుదు. ఐపీఎల్ జట్టుని ఎలా నడపాలో తెలియనివాళ్లు అసలే లేరు. ఆరున్నరకి నడక అయిపోతుంది, ఏడింటికి టీ కొట్టు దగ్గర కోచింగ్ మొదలవుతుంది. చక్కెర లేని టీ తాగుతూ సన్‌రైజర్స్ కోచ్ డేనియల్ వెటోరికి బౌలింగ్ మార్పులు చెబుతాం. ఆయన వినడు. మన హైదరాబాద్ జట్టు ఇలా ఉండటానికి ఆయన వినకపోవడమే కారణమని మా అందరి నిశ్చితాభిప్రాయం.

ఈ కోచ్‌లందరికీ హెడ్ కోచ్ మా మేనేజరు గారు. జాతీయ బ్యాంకులో ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరయ్యారు. సొంతూరు తెనాలి వైపు. ఆయన ఇక్కడ ప్లాటు కొన్న రోజుల్లో హైవే పక్కన దాబాలు తప్ప చెప్పుకోవడానికేమీ లేదంటారు. ఏ ఆటైనా, ఏ జట్టైనా ఆయన తీర్పు ఒక్కటే. "దమ్ము లేదండీ. రిస్కు తీసుకోవాలి. రిస్కు తీసుకోనివాడికి ఆటెందుకండీ?" ఈ మాట అనేటప్పుడు ఆయన టీ గ్లాసుని రెండు చేతులతో పట్టుకుంటారు, చొక్కా మీద ఒలుకుతుందేమోనని.

ఆయన బాధకి చరిత్ర ఉంది. 2018 ఏప్రిల్ 24న వాంఖడేలో సన్‌రైజర్స్ 118 పరుగులకే ఆలౌటైంది. మేనేజరు గారు టీవీ కట్టేసి, బీపీ మాత్ర వేసుకుని పడుకున్నారు. పొద్దున లేచి పేపరు చూస్తే ముంబయి 87కే కుప్పకూలింది. రెండు రోజులు తిరక్కుండానే పంజాబ్‌మీద 132 కొట్టి దాన్నీ కాపాడుకున్నారు. ఇంకో మూడు రోజులకి రాజస్థాన్‌మీద 151. కెప్టెన్ కేన్ విలియమ్సన్, కోచ్ టామ్ మూడీ. కొట్టేది తక్కువ, ఇచ్చేది ఇంకా తక్కువ. అలా పైసా పైసా కూడబెట్టి ఫైనల్ దాకా వెళ్లారు. అక్కడ షేన్ వాట్సన్ 117 బాది మొత్తం కూడబెట్టింది పట్టుకుపోయాడు.

అప్పుడు మా టీ కొట్టు దగ్గర వెలువడిన తీర్పు నాకు బాగా గుర్తు. "ఇది ఆటా అండీ? రేషన్ షాపులో కందిపప్పు తూచినట్టు! జనం ఉప్పల్‌కి టికెట్టు కొనుక్కుని వెళ్లేది తూకం చూడ్డానికా? ఈ జిడ్డాటతో కప్పు రాదు." 2016లో కప్పొచ్చింది కదండీ, అదీ బౌలర్ల బలంతోనే కదా అని నేను గొణిగాను. ఫైనల్లో 208 కొట్టారని ఆయన గుర్తు చేశారు. గెలిచింది 8 పరుగుల తేడాతో అని నేను అనలేదు. టీ డబ్బులు ఆ రోజు ఆయన వంతు.

తర్వాత పునర్నిర్మాణం మొదలైంది. ఈ మాట మా కొంపల్లివాళ్లకి కొత్త కాదు. సుచిత్ర నుంచి ఇటు 44వ నంబరు జాతీయ రహదారి మీద ఫ్లైఓవర్ల పనులు ఏళ్ల తరబడి చూసినవాళ్లం. పునర్నిర్మాణం లక్షణాలు మాకు కంఠతా వచ్చు. ముందు ఉన్న దారి తవ్వేస్తారు. రేకులు అడ్డం పెడతారు. "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని బోర్డు పెడతారు. ఆ బోర్డు రంగు వెలిసిపోతుంది. బోర్డు మార్చి కొత్తది పెట్టినప్పుడు పనిలో పురోగతి కనిపించినట్టు లెక్క.

సన్‌రైజర్స్‌లో బోర్డు అంటే కోచ్. 2021లో ట్రెవర్ బేలిస్, 2022లో మళ్లీ టామ్ మూడీ, 2023లో బ్రయాన్ లారా, 2024లో డేనియల్ వెటోరి. నాలుగేళ్లు, నలుగురు. 2021లో సీజన్ మధ్యలోనే డేవిడ్ వార్నర్‌ని కెప్టెన్సీ నుంచి దింపేశారు, ఆనక జట్టులోంచే తప్పించారు. కప్పు తెచ్చినవాడు డగౌట్‌లో కూర్చుంటే, జట్టు 14 మ్యాచ్‌ల్లో 3 గెలిచి అట్టడుగున కూర్చుంది. 2023లో మళ్లీ అట్టడుగే. మా అద్దె ఇంటి పిల్లాడు పాపం ఆరెంజ్ జెర్సీ వేసుకుని ట్యూషన్‌కి వెళితే, "ఏం తమ్మీ, జొమాటోలకెళ్లి స్విగ్గీలకు మారినవా?" అన్నాడు మా టీ కొట్టతను.

2024లో మాత్రం మేనేజరు గారి ప్రార్థన దేవుడి చెవిన పడింది. ఆ దేవుడు కాస్త ఎక్కువ వాల్యూమ్‌లో విన్నట్టున్నాడు. పాట్ కమిన్స్‌కి 20 కోట్ల 50 లక్షలు పోసి తెచ్చారు. మార్చి 27న ఉప్పల్‌లో ముంబయిమీద 277. ఏప్రిల్ 15న బెంగళూరు వెళ్లి 287. అయిదు రోజులకి ఢిల్లీలో మొదటి 6 ఓవర్లలోనే వికెట్ పడకుండా 125. మే 8న లక్నో పెట్టిన 166 లక్ష్యాన్ని ట్రావిస్ హెడ్, అభిషేక్ శర్మ కలిసి 9.4 ఓవర్లలో ఊదేశారు. ఇంట్లో ఉప్మా ఇంకా పొయ్యి మీదే ఉంది, మ్యాచ్ అయిపోయింది.

టీ కొట్టు దగ్గర రెండు నెలలు పండగ. "చూశారా, నేను చెప్పలా?" అని మేనేజరు గారు గ్లాసు ఒక చేత్తో పట్టుకోవడం ఆ రెండు నెలల్లోనే చూశాను.

మే 26న చెన్నైలో ఫైనల్. 113 ఆలౌట్. కోల్‌కతా 10.3 ఓవర్లలో ముగించి కప్పు పట్టుకుపోయింది. మర్నాడు పొద్దున గ్లాసు మళ్లీ రెండు చేతుల్లోకి వచ్చేసింది. "బుద్ధుండక్కర్లేదా అండీ? వికెట్టు పడినప్పుడు ఆగాలి. నిలబడాలి. నాలుగు సింగిల్స్ తియ్యాలి. విలియమ్సన్ ఉంటే ఇలా జరిగేదా?"

2025లో కథ అదే, జోరు ఇంకా ఎక్కువ. మొదటి మ్యాచ్‌లో రాజస్థాన్‌మీద 286, ఇషాన్ కిషన్ సెంచరీ. ఆపైన వరసగా నాలుగు ఓటములు. ఏప్రిల్ 12న పంజాబ్‌మీద 246 లక్ష్యం ఛేదించారు, అభిషేక్ శర్మ ఒక్కడే 141. చివరికి ఆరో స్థానం. నేను ధైర్యం చేసి అడిగాను: "మేనేజరు గారూ, మీరు అడిగిన రిస్కే కదండీ ఇది?" ఆయన నన్ను ష్యూరిటీ లేకుండా లోన్ అడిగినవాణ్ని చూసినట్టు చూశారు. "రిస్కు వేరు, తెలివితక్కువతనం వేరు." తేడా ఎలా తెలుస్తుందండీ అన్నాను. "స్కోరు చూస్తే తెలుస్తుంది" అన్నారు.

క్రికెట్‌తో విసిగినప్పుడు మేం కబడ్డీకి వెళతాం. అది పెనం మీంచి పొయ్యిలోకి వెళ్లడమే. 2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పటి నుంచీ తెలుగు టైటాన్స్ ఉంది, కప్పు లేదు. ఎనిమిది, తొమ్మిది, పది సీజన్లు కలిపి 66 ఆటలాడి 5 గెలిచింది. పదో సీజన్‌కి పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకి కొన్నారు. ఆ సీజన్లో గెలిచినవి రెండంటే రెండు. ఒక్కో గెలుపు ఎంత పడిందో మేనేజరు గారు పేపరు అంచుమీద లెక్కవేసి చూపించారు, పైసలతో సహా. కోచ్‌గా క్రిషన్ కుమార్ హుడా వచ్చాక పరిస్థితి మారింది, 2025లో మూడో స్థానం దాకా వచ్చారు. వచ్చాక మా టీ కొట్టు దగ్గర కబడ్డీ మాట తగ్గిపోయింది. బాగుపడిన జట్టుని తిట్టడంలో మజా ఏముంది?

కబడ్డీలో నాకు నచ్చేది డూ ఆర్ డై రైడ్. వరసగా రెండు రైడ్లు ఖాళీగా వస్తే మూడోది చావో రేవో. పాయింటు తేకపోతే వెళ్లినవాడు ఔటు. అంటే పిరికితనానికి రూల్‌బుక్కులోనే గడువు పెట్టారన్నమాట. రెండుసార్లు గీత తొక్కి వెనక్కి వచ్చెయ్యొచ్చు, మూడోసారి వీల్లేదు. ఈ నియమం బ్యాంకులకీ, పెళ్లిచూపులకీ, ఫ్లైఓవర్లకీ ఉంటే ఎంత బాగుండును!

ఇదే మాట మొన్న ఫోన్లో మావాడితో అన్నాను. వాడుండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. ఆ ఊళ్లో మన తెలుగువాళ్లు ఎక్కువ. కార్యసిద్ధి హనుమాన్ గుడీ అక్కడే, డాలస్ కౌబాయ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కార్యాలయమూ అక్కడే. కార్యం మాత్రం గుళ్లోనే సిద్ధిస్తోంది. కౌబాయ్స్ ఆఖరుసారి కప్పు కొట్టింది 1996 జనవరిలో. అప్పటికి మావాడు ఎల్‌కేజీ. ఇప్పుడు వాడి కొడుకు ఎల్‌కేజీ. యజమాని జెర్రీ జోన్స్ 1989లో జట్టు కొన్నాడు, ఆటగాళ్లని ఎంచే జనరల్ మేనేజరూ ఆయనే. కోచ్‌లు మారతారు, ఆయన మారడు. మన ప్రాంతీయ పార్టీలు తెలిసినవాళ్లకి వేరే వివరణ అక్కర్లేదు.

సోమవారం పొద్దున మనకి ఏడైతే వాడికి ఆదివారం రాత్రి. ఆట పోగొట్టుకుని ఫోన్ చేస్తాడు. "నాన్నా, నాలుగో డౌన్‌లో ఒక్క గజం కావాలి. ఒక్క గజం! మళ్లీ తన్నేశారు నాన్నా!" ఆ ఆటలో పది గజాలు ముందుకెళ్లడానికి నాలుగు అవకాశాలిస్తారు, వాటినే డౌన్లు అంటారు. మూడు అయ్యేసరికి చాలామంది కోచ్‌లకి గుండె జారుతుంది. నాలుగోది వాడుకోకుండా బంతిని దూరంగా తన్ని, అవతలివాళ్లకి అప్పగించి దండం పెట్టేస్తారు. దాన్ని పంట్ అంటారు. బర్కిలీలో ఆర్థికశాస్త్రం చెప్పే డేవిడ్ రోమర్ దీనిమీద 2006లో ఒక పరిశోధనా పత్రమే అచ్చువేశాడు. కోచ్‌లు అవసరానికి మించి తన్నేస్తున్నారని, తెగించి ఆడితేనే గెలిచే అవకాశం పెరిగే చోట కూడా తన్నేస్తున్నారని లెక్క తేల్చాడు. 2018 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియావాళ్లు ఏకంగా సూపర్ బౌల్ అనే ఫైనల్లో నాలుగో డౌన్‌లో తన్నకుండా, ఎప్పుడూ బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ చేతే బంతి పట్టించి స్కోరు చేసి కప్పు ఎత్తుకుపోయారు. ఫిలడెల్ఫియా అంటే డాలస్‌కి బద్ధశత్రువు. మావాడు ఆ వారం ఆఫీసుకి సెలవు పెట్టాడు.

పునర్నిర్మాణానికి అక్కడ పద్ధతి కూడా ఉంది. ఏడాదంతా ఓడి ఆఖరున నిలిచినవాడికి, మరుసటి ఏడు కొత్త కుర్రాళ్లని ఏరుకోవడంలో మొదటి అవకాశం. ఎంసెట్‌లో చిట్టచివరి ర్యాంకు తెచ్చుకున్నవాణ్ని పిలిచి, బాబూ ముందు నీకే, ఏ కాలేజీ కావాలో చెప్పు అన్నట్టు.

ఈ పంట్ సంగతి టీ కొట్టు దగ్గర చెప్పాను. మేనేజరు గారు వెంటనే కోచ్‌ని తిడతారనుకున్నాను. ఆయన గ్లాసు కింద పెట్టారు.

"ఆ కోచ్ తప్పేముందండీ? నేను బ్రాంచిలో చేసిందీ అదేగా. ఒకడు వచ్చి పాల డెయిరీ పెడతాను, లోన్ ఇవ్వండంటాడు. ఇచ్చాక వాడు మునిగితే సంతకం ఎవరిదని వెతుకుతారు. ఇవ్వకపోతే? వాడు పెట్టకుండా పోయిన డెయిరీకి ఫైలుండదు కదండీ. ఫైలు లేని నష్టానికి ఎంక్వయిరీ ఉండదు. ముప్పై నాలుగేళ్లు పంట్ కొట్టి, శాలువా కప్పించుకుని రిటైరయ్యా."

బర్కిలీ ప్రొఫెసరు లెక్కలు కట్టి చెప్పింది ఈయన తెనాలి యాసలో రెండు నిమిషాల్లో తేల్చేశారు.

"సార్, చాయ్ సల్లగైతుంది, తాగుండ్రి" అన్నాడు టీ కొట్టతను. అతనికి మాత్రమే ఇక్కడ రిస్కు తెలుసు. రోడ్డు పనుల్లో అతని కొట్టు ఇప్పటికి రెండుసార్లు జరిగింది.

ఆయన్ని అని ఏం లాభం, నా సంగతి చెప్పాలి. మావాడు పదో తరగతిలో ఎడమచేతి స్పిన్ వేసేవాడు. బంతి వాడి చేతిలోంచి వచ్చేటప్పుడు ఒక చప్పుడుండేది, నూలుదారం తెంపినట్టు. గ్రౌండులో వాళ్ల సారు నన్ను పక్కకి పిలిచి, "ఒక్క రెండేళ్లు నాకు వదిలెయ్యండి" అన్నాడు. నేను ఆలోచించి చెబుతానన్నాను. మర్నాడే ఎంపీసీలో చేర్పించి ఫీజు కట్టేశాను. నాలుగో డౌన్ కూడా కాదు, మొదటి డౌన్‌లోనే తన్నేశాను. బంతి ఎగిరి ఎగిరి ఫ్రిస్కోలో పడింది. ఇప్పుడు వాడు అక్కడ సోఫాలో కూర్చుని, తెగించండ్రా అని టీవీ మీద అరుస్తుంటాడు. నేను ఇక్కడ కమిన్స్ మీద అరుస్తుంటాను.

మా వీధిలో ఇరవై రెండు ఇళ్లున్నాయి. ఇరవై రెండిట్లోనూ పిల్లలు ఇంజినీర్లే. మిగిలిన డబ్బుతో శామీర్‌పేట వైపు ఒక ప్లాటు, మేడ్చల్ వైపు ఇంకో ప్లాటు, చుట్టూ ప్రహరీ, గేటుకి తాళం. ఇంత భద్రంగా బతికినవాళ్లం, సాయంత్రం ఏడున్నరకి టీవీ పెట్టగానే, ఇరవై మూడేళ్ల కుర్రాణ్ని మొదటి బంతికే సిక్సరు కొట్టమంటాం. కొట్టబోయి ఔటైతే బుద్ధి లేదంటాం.

మొన్న బుధవారం మేనేజరు గారి ఎఫ్‌డీ గడువు తీరింది. అదంతా మ్యూచువల్ ఫండ్లలో పెట్టమని వాళ్లబ్బాయి నెలనుంచీ పోరుతున్నాడట. ఈసారి తెగించి చూద్దామనుకుంటున్నాను, తోడు రండి అంటే బ్యాంకుకి వెళ్లాను. కౌంటర్లో అమ్మాయి, "ఏం చెయ్యమంటారు సార్?" అని అడిగింది. ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. నా వైపు చూశారు. మళ్లీ తుడుచుకున్నారు.

మూడేళ్లకి రెన్యువల్ చేయించారు. పనిలో పనిగా నేనూ ఒకటి తెరిచాను. సీనియర్ సిటిజన్లకి అర శాతం వడ్డీ ఎక్కువ.