ప్రభకు వెలుగు, ఊరికి ఎల్‌సీ

విజయపురి సౌత్‌లో నాగార్జునసాగర్ కుడి కాలువ తల దగ్గర ఒక పవర్ హౌస్ ఉంది. మూడు యంత్రాలు, ఒక్కొక్కటి 30 మెగావాట్లు. కృష్ణమ్మ ఎలాగూ మన పొలాలకు పోయేదే, పోతూ పోతూ ఆ చక్రాలు తిప్పి పోతుంది. పొగ లేదు, బూడిద లేదు, బొగ్గు బేరం లేదు. ఇంత తేలిగ్గా వచ్చే కరెంటంటే పల్నాటి వాళ్లకు మర్యాద ఎక్కడుంటుంది? అందుకే తిరునాళ్లకు వెలుగు కావాలంటే మావాళ్లు డ్యాం వైపు చూడరు, డీజిల్ బంకు వైపు చూస్తారు.

నమ్మకపోతే మహాశివరాత్రికి మాచర్ల మీదుగా నరసరావుపేట దాటి కోటప్పకొండ రండి. త్రికోటేశ్వరస్వామి మొక్కు తీర్చుకోవడానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి విద్యుత్ ప్రభలు కదిలొస్తాయి. మేడల్ని తలదన్నే ఎత్తు. నిలువెల్లా రంగు బల్బులు. పైన దేవుడి బొమ్మ, దానికి పోటీగా నాయకుడి బొమ్మ, కింద స్టేజీ, స్టేజీ మీద డాన్సు. ఆ హడావిడి వెనక ట్రాక్టరు ట్రక్కు మీద అసలు మూలవిరాట్టు కొలువుంటాడు. ఆయన పేరు జనరేటర్. నైవేద్యం డీజిల్. ధూపం ఆయనే వేసుకుంటాడు.

ఇక్కడొక వేదాంతం ఉంది. ప్రభ ఎత్తు కరెంటు తీగల ఎత్తును మించిపోతుంది. కాబట్టి అది నడిచే దారిలో కరెంటోళ్లు ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని సరఫరా ఆపాలి, అడ్డొచ్చిన తీగలు విప్పాలి, ప్రభ దాటిపోయాక మళ్లీ బిగించాలి. అంటే విద్యుత్ ప్రభ వస్తోందంటే ఊళ్లో విద్యుత్ పోయిందని లెక్క. ఫ్యాన్లు ఆగిపోయి, మిక్సీలో పిండి సగంలో నిలిచిపోయి, జనమంతా చీకట్లోంచి బయటికొచ్చి ఆ వెలుగుకు దణ్ణం పెడతారు. ఇంట్లో లైటు వెలుగుతుంటే ప్రభ అంత గొప్పగా కనిపిస్తుందా? ఈ ఏర్పాటు చేసిన మహానుభావుడెవరో గానీ, ప్రచారం సంగతి బాగా తెలిసినవాడు.

కాస్త లెక్క వేద్దాం, పాపమేం రాదు. ఒక ప్రభకు వంద కిలోవాట్ల లోడనుకోండి, పది గంటల జాగరణ. మొత్తం వెయ్యి యూనిట్లు. లీటరు డీజిల్‌కు మూడు, మహా అయితే మూడున్నర యూనిట్లు వస్తాయి. తక్కువలో తక్కువ దాదాపు మూడొందల లీటర్లు మంట పెట్టాలి. లీటరు 97 రూపాయలనుకున్నా ఒక్క ఇంధనానికే యూనిట్ ముప్పై రూపాయలు పడుతుంది. పొగ రూపంలో ఎనిమిది క్వింటాళ్ల కార్బన్ డయాక్సైడ్ కైలాసానికి చేరుతుంది. గరళం మింగిన స్వామి కదా, ఇదేపాటి! అదే వెయ్యి యూనిట్లు మా పవర్ హౌస్‌లో ఒక్క యంత్రం రెండు నిమిషాల్లో తీసి పక్కన పెడుతుంది. రెండు నిమిషాలు! స్టేజీ మీద ఒక పాటలో సగం కూడా అవదు.

అయినా ఎవరూ అటు చూడరు. ఎందుకంటే ప్రభ మీద బల్బులు భక్తికైతే, జనరేటర్ పరువుకు. పక్క ఊరి వాళ్లు ఒకటి తెస్తే మనం రెండు తేవాలి. వాళ్ల ప్రభ అధికార పార్టీదైతే మన ప్రభ ఇంకో నాలుగడుగులు పెరగాలి. ముందురోజు సబ్‌స్టేషన్‌లో చార్జింగ్ పెట్టిన బ్యాటరీలను ట్రక్కు మీద వేసుకుని కిక్కురుమనకుండా వెళ్తే చూసేదెవరు? బ్యాటరీకి రోషం లేదు, మీసం లేదు, దడదడ లేదు. పల్నాట్లో అలాంటి సరుకుకు ఓట్లు పడవు.

ప్రభుత్వానికి పట్టలేదనకండి. 2025లో వినాయక మండపాలకు కరెంటు ఉచితమన్నారు. కూర్చున్న దేవుడికి మీటరు పెట్టొచ్చు, బిల్లు మాఫీ చేయొచ్చు. నడిచే దేవుడికి మీటరెక్కడ బిగిస్తారు? 2024లో తెచ్చిన క్లీన్ ఎనర్జీ పాలసీలో 160 గిగావాట్ల గురించి రాశారు. ఒక ట్రాక్టరు ట్రక్కు మీద పట్టే కరెంటు గురించి రాయడానికి అంత పెద్ద పాలసీలో చోటు దొరకలేదు కాబోలు.

ఇంగ్లండ్‌లో గ్లాస్టన్‌బరీ అని ఒక తిరునాళ్ల ఉంది. 2023లో వాళ్లు సౌర పలకలు, బ్యాటరీలు, ఒక తాత్కాలిక గాలిమర పెట్టుకుని, మిగతా జనరేటర్లలో వాడేసిన వంటనూనెతో చేసిన ఇంధనం పోసి నడిపించారు. మిరపకాయ బజ్జీల బాండీలకు పల్నాట్లో కరువా? కోల్డ్‌ప్లే అనే సంగీత బృందం 2022లో మొదలుపెట్టిన పర్యటనలో, ప్రేక్షకులు ఎగిరితే కరెంటు పుట్టే నేల పరిచి కచేరీలు చేసింది. ఆ నేల ఒక్కసారి మా ప్రభల ముందు పరిస్తే గ్రిడ్ తట్టుకోలేక ట్రిప్పవుతుంది.

అంత దూరమెందుకు, కోనసీమ ఉంది. జగ్గన్నతోట తీర్థానికి ప్రభల్ని భుజాల మీద మోసుకుని, చేలల్లోంచి, కౌశిక నది నీళ్లలోంచి తెస్తారు. ఆ మోతకు జనరేటర్ అక్కర్లేదు. 2023 రిపబ్లిక్ డేకి ఢిల్లీలో మన శకటం ఆ ప్రభలదే. మావి వెళ్లాలంటే ముందు ఢిల్లీ మొత్తానికి ఎల్‌సీ తీసుకోవాలి.

డ్యాం సంగతి కూడా చెప్పేయాలి. సాగర్‌లోని పెద్ద పవర్ హౌస్‌లో ఏడు యంత్రాలు వెనక్కి కూడా తిరుగుతాయి, కిందికి వదిలిన నీటిని మళ్లీ పైకి తోడతాయి. ప్రపంచం బ్యాటరీ బ్యాటరీ అని కలవరిస్తుంటే, కొండంత బ్యాటరీ మా గుమ్మంలో ఉందన్నమాట. అయితే రాష్ట్ర విభజనలో ఆ యంత్రాలు తెలంగాణకు పోయాయి, ఆ నీళ్లు పట్టి ఉంచే సత్రశాల టెయిల్ పాండ్ మనకొచ్చింది. 2023 నవంబర్ 30న తెలంగాణతో నీళ్ల తగువులో మన పోలీసులు సగం డ్యాం పట్టుకున్నాక, కుడి కాలువ గేట్లెత్తడానికి కరెంటు లేక విడిగా లైను ఏర్పాటు చేసుకోవాల్సి వచ్చింది. కరెంటు పుట్టే చోటే తాత్కాలిక కనెక్షన్ తెచ్చుకున్న ఘనులం. అలాంటి మాకు తిరునాళ్లకు డీజిల్ ఎందుకని అడగడం అన్యాయం.

నాదొక చిన్న విన్నపం. ప్రభ మా వీధిలో ఆగిన కాసేపు, ఆ జనరేటర్ నుంచి ఒక వైరు మా ఇంట్లోకి ఇప్పించండి. మిక్సీలో మిగిలిన పిండి పూర్తి చేసుకుంటాం. దానికి తాత్కాలిక కనెక్షన్ కోసం దరఖాస్తు పెట్టుకోవాలంటారా? పెడతాం. కరెంటు రాగానే ఆన్‌లైన్‌లో పెడతాం.