హస్కీకి రోహిణి కార్తె

2022లో జిల్లా పేరు ఎన్టీఆర్ అయింది గానీ జగ్గయ్యపేట, నందిగామల ఎండ మారలేదు. రోహిణిలో 65వ నంబరు జాతీయ రహదారి తారు అట్ల పెనమే. దాని మీద సైబీరియా మంచులో బళ్లు లాగే హస్కీని, రెండు పొరల బొచ్చుతో సహా పరుగెత్తిస్తే వ్యాయామమట! సారుకు బూట్లు, టోపీ, నీళ్ల సీసా. కుక్కకు గొలుసు.

ఊరకుక్క నయం. పొద్దెక్కితే సిమెంటు లారీ నీడ వదలదు.

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పి చల్లబడాల్సిందే. 38-39 డిగ్రీలుండే ఒంటి వేడి 41 దాటితే వడదెబ్బే. పరుగేదో తెల్లవారుజామునే కానివ్వాలి. అనుమానముంటే చేతి వెనక భాగాన్ని 7 సెకన్లు రోడ్డుకు ఆనించి చూడొచ్చు. అందుకు సారు వంగాలి, పొట్ట ఒప్పుకోవడం లేదు.