అల్పవ్యయ గూఢచారియు ఆయవ్యయ ప్రేక్షకుడును

విదేశములలో గూఢచర్యము నెరపుటకై భారత ప్రభుత్వము ‘రా’ అను ప్రత్యేక సంస్థను 1968 సెప్టెంబరులో గాని స్థాపింపలేదు. తెలుగు చలనచిత్ర పరిశ్రమ మాత్రము, దేశభద్రతవంటి విషయమున అంత తాత్సారము పనికిరాదని తలంచి కాబోలు, 1966లోనే ‘గూఢచారి 116’ను నియమించి, ఆ యుద్యోగమును కృష్ణగారి కొసంగి, జయలలితగారిని జంటగా నిలిపి, ప్రభుత్వముకంటె రెండేండ్లు ముందుగనే దేశమును రక్షించి చూపినది. పిదప 1971లో ‘జేమ్స్ బాండ్ 777’ విచ్చేసెను. 116కు వరుసలో తరువాతివాడైన ‘గూఢచారి 117’ మాత్రము 1989 వరకు రాలేదు. ఆ శాఖలో సీనియారిటీ జాబితా ఎవరు వ్రాసిరో గాని, ఆనాటి ప్రేక్షకుడు దానిని గూర్చి అర్జీ పెట్టుకొనలేదు. నేలటికెట్టు కొని, ఈల వేసి, ఇంటికి పోయెను.

నేటి ప్రేక్షకుడు ఈల వేయడు, లెక్క వేయును. తక్కువ పెట్టుబడితో తీసిన ఉగ్రవాద గూఢచర్య చిత్రమొకటి విడుదలయైన శుక్రవారమున, మొదటి ఆట వదలగానే, హాలు మెట్లక్రింద బారులు తీరిన మైకులముందు నిలిచి ఆతడు తొలుత పలుకు వాక్యము కథను గూర్చినది కాదు, నటనను గూర్చినదియు కాదు: “ఆ బడ్జెట్‌కి బాగానే తీశారండీ!” 2018 ఆగస్టులో అడివి శేష్ కథానాయకుడుగా, శశికిరణ్ తిక్క దర్శకత్వమున వచ్చిన ‘గూఢచారి’ సుమారు 6 కోట్ల రూపాయలతో పూర్తియైనదను వార్త పొక్కినది మొదలు, అందలి ‘త్రినేత్ర’ సంస్థ రహస్యములకంటె నిర్మాతల జమాఖర్చుల రహస్యమే జనులకు రుచికరమైనది. ఆ చిత్రము నిజముగా బిగువైనది. దాని గుణమును స్థాపించుటకు రూపాయల సాక్ష్యము అక్కరలేదు. అయినను మనవాడు, పెండ్లిభోజనము సుష్ఠుగా ముగించి విస్తరి మడచుచు, ‘ఇంత తక్కువలో ఇన్ని వంటకము లెట్లు చేయించితిరండీ’ అని ఆడపెండ్లివారిని నలుగురిలో మెచ్చుకొను బంధువువలె, ఆ మెప్పులోనే చురక నొకదానిని దాచియుంచును.

తార్కికుడగు ప్రేక్షకుడు వేరొకడు కలడు. పండుగ చిత్రములలో నాయకుడు తొడగొట్టినంతనే సుమోలు ఆకాశమున కెగయుటను భక్తిశ్రద్ధలతో స్వీకరించు ఈ మహాశయుడు, చిన్న చిత్రములోని గూఢచారి పరదేశమున అడుగిడినంతనే, ‘వీనికి వీసా ఎప్పుడు వచ్చినది?’ అని నిలదీయును. తెరమూలన విదేశనగరము పేరు టకటకమను శబ్దముతో పడినను, వెనుకనున్న అద్దాలమేడ గచ్చిబౌలిదని పసికట్టి, ప్రక్కకుర్చీవానివైపు విజయగర్వముతో చూచును. ఇంతటి నిశితదృష్టి గలవానిని ఏ నిఘాసంస్థయు నేటివరకు పిలిచి ఉద్యోగమీయకుండుట చింతింపదగిన విషయమే.

ఉగ్రవాదిని గూర్చిన అభిప్రాయములు ఇంకను విచిత్రములు. కన్నులకు సుర్మా, మెడకు గళ్ళరుమాలు, నోట హిందీ కలిసిన తెలుగు లేనివాడు ఉగ్రవాదియన్న ప్రేక్షకుడు నమ్మడు. ఇవన్నియు నున్నవానిని మొదటి దృశ్యముననే గుర్తుపట్టి, ‘సస్పెన్స్ లేదండీ’ అని పెదవి విరుచును. పెట్టుబడి చాలని దర్శకునకు ఈ విశ్వాసము గొప్ప ఉపకారము చేసినది. ఏలయన, పాత్రకు బుద్ధియు, గతమును, ప్రయోజనమును సమకూర్చుట శ్రమ, సుర్మా చౌక. ఈ చౌకబేరమువలన సుర్మా పెట్టుకొను అమాయకులు బస్సులలోను రైళ్ళలోను ఎట్టి చూపులను సహింపవలసివచ్చునో ఏ సమీక్షకుడును నక్షత్రములలో కొలువడు.

2007 ఆగస్టు 25 సాయంకాలమున హైదరాబాదులోని లుంబినీ పార్కునందును, కోఠి గోకుల్ చాట్ వద్దను జరిగిన ప్రేలుళ్ళు నలువదిమందికి పైగా ప్రాణములను గొన్నవి. ఆ ఘటనలను ఆధారము చేసికొని 2021 ఏప్రిలులో నాగార్జునగారి ‘వైల్డ్ డాగ్’ రాగా, ఎంటర్‌టైన్‌మెంట్ తగ్గినదని నొచ్చుకొనినవారు లేకపోలేదు. కరోనా రెండవ విజృంభణ హాళ్ళను పాడుపెట్టుచుండినమాట సత్యమే. కాని అదే మాసమున ఆ చిత్రము నెట్‌ఫ్లిక్స్‌లో ప్రవేశించినపిదప, దివానుపై మేనువాల్చి చూచినవారు దానిని వేనోళ్ళ పొగడి, ఇట్టిదానిని థియేటరులోనే చూడవలయునని, థియేటరులనుండి అది వెడలిపోయిన తరువాత, లోకమునకు హితవు చెప్పిరి.

అసలు గూఢచర్యమే అల్పవ్యయముతో సాగు వ్యవహారమను సంగతి ఈ తీర్పరులలో నొక్కరికిని తట్టినట్లు లేదు. కిళ్ళీకొట్టు ప్రక్కన గంటలకొలది నిలుచుట, ఎవడో యొకడు తలుపు తీయునా యని ఎదురుచూచుట, తిరిగివచ్చి ప్రయాణభత్యపు కాగితములను మూడు ప్రతులలో నింపుట: ఇట్టివానికి హెలికాప్టరులతో పనిలేదు. 2019లో వచ్చిన ‘ఇండియాస్ మోస్ట్ వాంటెడ్’ అను హిందీ చిత్రమున, పైవారి అనుమతి లేక, ఆయుధము లేక, తమ జేబులలోని సొమ్మునే పోగుచేసికొని నేపాళమునకు పోయిన కొందరు అధికారులు ఒక్క తూటాయైనను పేల్చకుండ ఉగ్రవాదిని పట్టితెత్తురు. పోలీసుశాఖలో దీనికి పతకము రావలెను. హాలులో మాత్రము ‘ఇంతసేపు కూర్చుండబెట్టి ఒక్క ఫైటైనను పెట్టలేదే’ అను అభియోగము వచ్చును.

కావున నిర్మాతలకు నాదొక మనవి. పొగత్రాగుట ఆరోగ్యమునకు హానికరమను హెచ్చరిక ముగిసినంతనే, ‘ఈ చిత్రమునకు ఇన్ని కోట్లు మాత్రమే వెచ్చింపబడినవి, ప్రేక్షకులు తమ అభిప్రాయములను తదనుగుణముగా సవరించుకొన ప్రార్థన’ అని మరియొక పలకను చూపినచో, మెట్లక్రింది మైకుల పని చాలవరకు తగ్గును. పంపిణీదారులు దీనికి అడ్డుతగులుదురని నా యనుమానము. ఆరు కోట్ల చిత్రమునకును, అరువదికోట్ల చిత్రమునకును టికెట్టు కిటికీవద్ద ఒకే ధర ఏల వసూలుచేయుచున్నారని ఆ లెక్కలవాడు అడుగకుండునా?